రాసిననాటికి నిజమే

కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆవిడ చేసే మొదటి పని చీర కొంగుతో తెర తుడవడం. ఇల్లందులో కిటికీలు మూసినా బొగ్గుదుమ్ము లోపలికి వస్తుంది. మా డిగ్రీ కాలేజీ బస్టాండు దగ్గర, ఒక బట్టల దుకాణం పైన, కిరాయి భవనంలో నడిచేది. పొద్దున తుడిచిన తెరలు మధ్యాహ్నానికి బూడిదరంగుకు తిరిగేవి. ఆవిడ తుడిచి, కాస్త వెనక్కి వంగి, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసినట్టు దాన్ని చూసి, అప్పుడు కీబోర్డు మీద చెయ్యి వేసేది.

ఆవిడ చనిపోయిందని పోయిన నెల ఒక మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. భద్రాచలం అవతల అడవిలో పనిచేసిన మాస్టారు. ఆయన సంగతి ముందు ముందు చెప్తాను. జబ్బు చేసి కొన్నాళ్లు హైదరాబాద్ దవాఖానాలో ఉందట. నేనిప్పుడు ఉండేది అదే ఊళ్లో, అయినా నాకు తెలియలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా కళ్ల ముందు ఆ కొంగే ఆడింది.

ఆవిడ జీవితచరిత్ర నాకు పెద్దగా తెలియదు. నాన్న బావిలో దిగి బొగ్గు తీసిన మనిషి. డిగ్రీ దాకా తెలుగు మీడియం. నేను ముదిగొండ నుంచి కొత్తగా చేరేసరికే అక్కడ కంప్యూటర్ లెక్చరర్‌గా ఆవిడకు మంచి పేరుంది. పిల్లల ముందు నేను మేడం అనేవాణ్ణి, స్టాఫ్ రూములో అక్కా అనేవాణ్ణి. ఆవిడ మాత్రం ఎక్కడైనా నన్ను తమ్మీ అనే పిలిచేది. దాంతో పిల్లల్లో నా పెద్దరికం నిలవలేదు.

ప్రోగ్రాంలో తప్పుంటే తెర మీద ఎర్రగా ఒక ఇంగ్లీషు వాక్యం పడుతుంది కదా. అది చూడగానే మా పిల్లలు బెదిరిపోయి చేతులు వెనక్కి తీసుకునేవాళ్లు. ఆవిడ వాళ్ల వెనక నిలబడి, "ఏందట?" అనేది, పక్కింటావిడ ఏదో చెప్పుకోవడానికి వచ్చినట్టు. ఆ వాక్యాన్ని పైకి చదివి, తెలుగులో చెప్పి, "గంతే గదా, అడిగింది ఇద్దాం" అని ముందుకు జరిగేది. కొన్నాళ్లకు ల్యాబు మొత్తం అదే మాట. ఎక్కడ ఎర్ర అక్షరాలు కనబడ్డా ఎవరో ఒకరు "ఏందట?" అనేవాళ్లు.

ఊహించి చెప్పడం ఆవిడకు నచ్చదు. ఎవరైనా "ఇట్ల చేస్తే వస్తదేమో మేడం" అంటే, "పేజీ చూపియ్యి" అనేది. మేము నేర్పే ప్రోగ్రామింగ్ భాషకు ఇంటర్నెట్లో వివరణ పేజీలుంటాయి. ఆ భాషలో ఏ పని ఎలా చేయాలో, దానికి ఏది చేతనవునో, ఏది కాదో అందులో రాసి ఉంటుంది. మా కాలేజీలో నెట్ ఉన్నరోజు కంటే లేనిరోజే ఎక్కువ. అందుకని ఆ పేజీలన్నీ ఖమ్మంలో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టుకుంది. నాకు తెలిసినంతలో ఆవిడ ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మింది దాన్నొక్కదాన్నే.

తెలంగాణ బందులు మొదలవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ మాస్టారు వచ్చారు. అంతకుముందు టీచర్ల కోసం పెట్టిన వేసవి శిక్షణలో ఆవిడ దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న మనిషి. కోయవారు. తన బడి సంగతి చెప్పారు. ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు కోయ తప్ప ఇంకో మాట రాదు. పుస్తకంలో నీళ్ల బొమ్మ కింద 'నీళ్లు' అని ఉంటుంది. పిల్లలకు అది ఏరు. ఇంటి బొమ్మ కింద 'ఇల్లు' అని ఉంటుంది. వాళ్లకు అది లోను. చూసే బొమ్మ తమదే, వినే మాట తమది కాదు. కొందరు నాలుగు రోజులు వచ్చి, ఆ తర్వాత మేకల వెంట అడవిలోకి పోతున్నారు.

మాస్టారు కోయమాటలు పోగుచేసి తెలుగు అక్షరాల్లో టైపు చేసి తెచ్చారు. ప్రతి మాటా అక్షరాల వరసలో పడాలి, మొదటి అక్షరం పెద్దగా రావాలి, పక్కన బొమ్మకు చోటుండాలి. ఇంకో గూడెంలో ఒక మాట వేరేగా పలుకుతారు. అక్కడి టీచరు ఆ మాట మారిస్తే మిగతాదంతా దానంతటదే సర్దుకోవాలి. దానికొక ప్రోగ్రాం కావాలని ఆయన అడిగారు.

ఆవిడ బీరువా తీసి బైండింగ్ తెచ్చింది. పేజీలో స్పష్టంగా ఉంది. ఈ భాష అక్షరాల్ని లెక్కపెట్టదు, అవి దాచిన గడుల్ని లెక్కపెడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు, తెలుగు లాంటి లిపుల్లో అక్షరానికీ గుర్తుకూ మూడేసి గడులు కావాలి. మాటను ఎక్కడ కోసినా అక్షరం నడిమికి తెగి తెర మీద ఖాళీ చతురస్రాలు మిగులుతాయి. కాబట్టి అలాంటి భాషల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం మేలని సలహా కూడా ఉంది. ల్యాబులో పాత కంప్యూటర్ మీద చేసి చూపించింది. నిజంగానే చతురస్రాలు వచ్చాయి.

"తెలుగు అక్షరాలతోని కాదు మాస్టారూ. ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుకరాండ్రి, చేసిస్త" అంది.

ఆయన వాదించే మనిషి కాదు. పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు ఇంకా చెప్పలేదని మాత్రం మెల్లగా అన్నారు. చాయ్ తాగి, సరే మేడం అని, కొత్తగూడెం బస్సు ఎక్కారు.

ఆ తర్వాత కాలేజీకి కొన్ని కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో అదే భాష కొత్త రూపం ఎక్కించి ఉంది. ఒక రోజు ఆవిడ మూడో సంవత్సరం వాళ్లకు ఆ గడుల లెక్క పాఠమే చెబుతోంది. ప్రింటరు కాగితాలు తీసుకుందామని వెళ్లి నేనూ ల్యాబులోనే ఉన్నాను. 'అమ్మ' ఎన్ని అక్షరాలని పిల్లల్ని అడిగింది. రెండన్నారు. "ఈ మిషన్‌ను అడుగుతే పన్నెండు అంటది, చూడుండ్రి. ఎందుకు అంటదో తర్వాత చెప్త" అని టైపు చేసింది.

తెర మీద నాలుగు అని వచ్చింది.

ఆవిడ కొంగుతో తెర తుడిచింది. మళ్లీ కొట్టింది. నాలుగే. ఆ మాటలో మొదటి ముక్క కోసి ఇమ్మని అడిగింది. చతురస్రం రావాలి. 'అ' వచ్చింది, పలక మీద దిద్దినట్టు చక్కగా.

"మేడం, మంచిగనే వచ్చింది గదా" అంది వెనక బెంచీ అమ్మాయి. ఆ పిల్ల ఎగతాళి చేయలేదు. కాకపోతే అక్షరం చెడిపోతుందని చూపడానికే చేసిన ప్రయోగంలో అది చెడిపోకపోయేసరికి ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

ఆవిడ డస్టర్ అందుకుంది. ఏదో ఒకటి చెప్పి గంట గడిపేయొచ్చు. పిల్లలకు తెలిసేది కూడా కాదు. ఆవిడ బోర్డు మీద రాసిందంతా తుడిచేసి, వాళ్ల వైపు తిరిగి, "నేను చెప్పింది పాతబడ్డది. దీనికి తెలుగు అక్షరం తెలిసిపోయింది. నాకే తెల్వలే" అంది. తర్వాత ఆ నాలుగు ఎక్కడివో వాళ్లతోనే వెతికించింది. అ ఒకటి, మ ఒకటి, రెండో మను కిందికి దింపే పొల్లు ఒకటి, ఆ రెండో మ ఒకటి. ఆ రోజు ఆ క్లాసులో నేర్చుకున్నవాళ్లలో టీచరు కూడా ఉంది. బహుశా అందుకే గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

స్టాఫ్ రూములోకి వచ్చి బైండింగ్ నా ముందు పెట్టింది. "తమ్మీ, ఈ పేజీ ఎప్పుడు రాసిన్రు?"

ఎక్కడా తేదీ లేదు. నెట్ వచ్చినప్పుడు చూస్తే ఆ భాషవాళ్ల వెబ్‌సైటులో ఇంకా అదే పేజీ ఉంది, ఒక్క మాట మారకుండా. భాష మాత్రం మారిపోయింది. కొత్త రూపం గురించిన ప్రకటనలో ఎక్కడో ఒక మూల, ఇకనుంచి మాటల్ని యూనికోడ్‌గా, అంటే ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇచ్చే పద్ధతిలో చూస్తామని రాశారు. ఆ సంగతి వివరణ పేజీలో రాయడం అందరూ మరచిపోయారు.

అప్పుడు ఆవిడకు మాస్టారు గుర్తొచ్చారు. ముఖం మారిపోయింది. ఆయన ఉండే చోట ఫోన్ అందదు. "ఆయన నేను చెప్పినట్టే ఇంగ్లీషుల రాస్తుంటడు" అంది. మరునాడు సెలవు పెట్టింది. ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను.

పాల్వంచ మీదుగా బస్సులో వెళ్లాం. భద్రాచలంలో దిగి జీపు ఎక్కి, అది ఆగిపోయిన చోటి నుంచి నడిచి బడికి చేరాం. పెంకుల గది, ముందు చిన్న వరండా. లోపల బోర్డు మీద ఇంటి బొమ్మ. బొమ్మ కింద ఇంగ్లీషులో ఎల్, ఓ, ఎన్, యు. నేల మీద కూర్చున్న పిల్లలు బొమ్మనూ దాని కింది గీతల్నీ మార్చి మార్చి చూస్తున్నారు. మాస్టారు ఒక్కొక్క అక్షరం మీదా బెత్తం ఆనించి పలికిస్తున్నారు. పిల్లలు పలుకుతున్నారు గానీ నాలుగు అక్షరాలూ కలిసి మాట కావడం లేదు.

ఆవిడ గుమ్మంలోనే ఆగి, "మాస్టారూ, నేను తప్పు చెప్పిన. తెలుగులనే అయితది" అంది.

ఆయన బెత్తం దించారు. "గీ ఒక్క మాట చెప్పనీకె ఇంత దూరం వచ్చిన్రా మేడం?"

"నేను చెప్తెనే గదా మీరిది మొదలుపెట్టింది."

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. అరచేత్తో ఇంగ్లీషు అక్షరాలు చెరిపేసి, బొమ్మ కింద 'లోను' అని రాశారు. అప్పటికే కాస్త అక్షరాలు పట్టుబడ్డ ఒక పిల్ల 'లో' అంది, ఆగింది, 'ను' అంది, రెండూ కలిపి అని, పక్కపిల్ల వైపు చూసి నవ్వింది. ఇంట్లో అనే మాట బడి బోర్డు మీదికి వచ్చినందుకు కాబోలు. ఆ నవ్వు గదంతా పాకింది. ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. మాస్టారు భార్య మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగడం కూడా మరచిపోయి గ్లాసు పట్టుకుని నిలబడింది.

ఇల్లందుకు తిరిగొచ్చాక ప్రోగ్రాం అంత సులువుగా ఏమీ లొంగలేదు. 'లోను'లో మొదటి అక్షరం ఇమ్మంటే కొత్త భాష 'ల' ఒక్కటే తెచ్చి, ఓత్వాన్ని వెనకే వదిలేసేది. అది అంటుకోవడానికి అక్షరం లేక చుక్కల సున్నాకు వేలాడేది. నేను విసుక్కున్నాను. ఆవిడ "ఏందట?" అని తెర మీదికి వంగింది. చివరికి నాలుగు వరసల ముక్క ఒకటి రాసింది. అక్షరం తర్వాత గుణింతమో పొల్లో వస్తే దాన్ని వదిలి రాకుండా వెంటబెట్టుకు రావాలి, పొల్లు వస్తే ఆ తర్వాతి అక్షరాన్ని కూడా. పిల్లలకు చెప్పేటప్పుడు, "గుణింతం ఒంటరిగ నడవది. ముందున్న అక్షరం ఏలు పట్టుకుంటది. మనం ఆ ఏలు ఇడిపియ్యొద్దు" అనేది.

మాస్టారు భార్య బొమ్మలు వేశారు. ల్యాబు ప్రింటరు మీదే పుస్తకం అచ్చయింది. మా పని అయిపోయిందని నేను అనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను.

"మన పని అయింది" అంది ఆవిడ. "ఆ పేజీ అట్లనే ఉన్నది. రేపు ఇంకో ఊర్ల ఇంకో మాస్టారు పోతడు. ఇంకో మేడం గదే పేజీ చూపిచ్చి ఎనకకు పంపుతది."

ఆ భాష పేజీల్ని చూసుకునేవాళ్లు దేశదేశాల్లో ఉంటారు. జీతం లేని పని. ఒక ఈమెయిల్ జాబితా ద్వారా మాట్లాడుకుంటారు. తప్పు కనబడితే ఎవరైనా రాయొచ్చు. ఆవిడ ముందు తెలుగులో రాసుకుంది. తర్వాత ఒక్కో వాక్యాన్నీ ఇంగ్లీషు చేసింది. మొదటి వాక్యం దగ్గరే మా ఇద్దరికీ తేడా వచ్చింది. పేజీలో ఫలానా తప్పుంది అని నేరుగా మొదలుపెట్టమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. 'ఈ పేజీ రాసిననాటికి నిజమే' అని మొదలుపెట్టింది. ఎందుకంత మొహమాటమని అడిగాను.

"మొహమాటం కాదు తమ్మీ. రాసినాయన తప్పు రాయలే. కాలం జరిగింది. నేను క్లాసుల నిలబడ్డప్పుడు నాకెవరన్న గీ మాట చెప్తే బాగుండు అనిపిచ్చింది."

పంపాక చాలా రోజులు జవాబు లేదు. మధ్యాహ్నం నెట్ రాగానే ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన పెట్టి మెయిల్ తెరిచేది. కొన్నాళ్లకు ఒకరు రాశారు. ఇంత వివరం అక్కర్లేదని, అవసరమైనవాళ్లు వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటారని. ఇంకొకరు సవరణకు ఒప్పుకున్నారు గానీ తెలుగు ఉదాహరణ వద్దన్నారు. చాలామంది తెరల మీద అది కనబడదు, దాని బదులు మీద గీత ఉన్న ఫ్రెంచి అక్షరం ఏదైనా పెట్టమన్నారు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఫ్రెంచి అక్షరం పెట్టి చూసింది. అది ఒక్కటిగానే ఉంటుంది, కోసినా తెగదు. తెగని దాన్ని చూపించి, తెగుతుంది జాగ్రత్త అని ఎలా చెప్పడం? అదే రాసి పంపింది. 'లోను' అనే ఉంచమంది. చదివేవాడికి రెండు అక్షరాలు, మిషన్‌కు నాలుగు. ఆ తేడా తెలియడానికే కదా పేజీ, అని రాసింది.

మూడో జవాబు ఆ పేజీ మొదట రాసిన మనిషిదే. ఏ దేశమో తెలియదు. తాను ఆ పని వదిలేసి చాలాకాలమైందట. పేజీ పాతబడిందని తెలుసట. ఎవరో ఒకరు తిడుతూ రాసినప్పుడల్లా దిద్దాలనుకోవడం, మనసు రాక పక్కన పెట్టడం. రాసిననాటికి నిజమే అన్నవాళ్లు మీరొక్కరే అని రాశాడు. తెలుగు ఉదాహరణే ఉండాలని, కనబడనివాళ్ల కోసం ప్రతి గుర్తు పక్కనా దాని యూనికోడ్ సంఖ్య వేస్తే సరిపోతుందని మిగతావాళ్లకు చెప్పాడు.

ఆవిడ ఆ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో అందరికీ వినబడేలా తెలుగులో చదివింది. తెలుగు లెక్చరర్ గారు, ప్యూన్, నేను విన్నాం. చదివి, కళ్లద్దాలు తీసి, "మంచాయన" అంది.

పేజీ మారింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండన్న సలహా పోయింది. దాని చోట, ఇంటర్నెట్టే సరిగా రాని మా ఊళ్లో రాసిన ఆ నాలుగు వరసలూ, 'లోను' అనే మాటా, దాని పక్కన 'కోయ భాషలో ఇల్లు' అనే అర్థమూ చేరాయి. మాస్టారికి చెబితే, పైదేశాలవాళ్లు ఆ మాటను ఎలా పలుకుతారని అడిగారు. పలకనీ, ఎట్లనో అట్ల, అంది ఆవిడ. ఆ ఏడు ఆయన ఒకటో తరగతి పిల్లలు చాలామంది చివరిదాకా బడికి వచ్చారు. చుట్టుపక్కల గూడేల టీచర్లు పుస్తకం అడిగి తీసుకెళ్లి, తమ మాటలు చేర్చుకున్నారు.

అందరూ సంతోషించారు గానీ ఆవిడకు ఇంకా ఒక పని మిగిలింది. పాత పేజీ చూసి పాఠం చెప్పిన బ్యాచీలున్నాయి కదా. వాళ్లందరికీ చెప్పాలి. కొందరు హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు. ఫోన్లు చేసింది. మాకు తెలుసు మేడం అన్నవాళ్లు కొందరు, దేని గురించి మేడం అన్నవాళ్లు కొందరు. ఎవరేమన్నా చెప్పాల్సింది పూర్తిగా చెప్పే పెట్టేసేది.

ఒకసారి ఖమ్మంలో పని చూసుకుని ఇద్దరం బస్సులో ఇల్లందుకు వస్తున్నాం. కారేపల్లిలో బస్సు ఆగితే, ఆవిడ కిటికీలోంచి ఒక సెల్‌ఫోన్ రీఛార్జి దుకాణం చూసి, సంచీ తీసుకుని దిగిపోయింది. నేను వెనకే దిగాను. దుకాణంలో ఉన్నతను ఆవిడ పాత విద్యార్థి. మేడమ్‌ను చూసి లేచి నిలబడి, సోడా తెప్పించబోయాడు. ఆవిడ వద్దని, వచ్చిన పని చెప్పింది. తెలుగు మాటను కోయొద్దని, కోస్తే చెడిపోతదని నీకు చెప్పిన గదా, అది మారింది.

అతను తల గోక్కున్నాడు. "మేడం, నేను కంప్యూటర్ ముట్టి రెండేండ్లాయె. మీరు చెప్పింది మొత్తం మర్చిపోయిన."

నేను బస్సు వైపు చూశాను. కండక్టర్ విజిల్ ఊదాడు.

"మర్చిపోతివా, ఇంకా మంచిది" అంది ఆవిడ. "పాతది పోయింది. ఇగ కొత్తది విను."

బస్సు వెళ్లిపోయింది. అతను లోపలి నుంచి రెండు స్టూళ్లు తెచ్చి దుకాణం ముందు వేశాడు.